కృపతో తగ్గిన స్నానాలు

కెనడాలో, మిల్టన్‌లో నేను స్నానం చేయించే ఆంటీ గుంటూరులో ముప్పై ఏళ్ళు హైస్కూలు పిల్లలకు ఇంగ్లిష్ చెప్పారు. పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి పడిపోయినా నోరు మాత్రం చెక్కుచెదరలేదు. నేను టవల్ సరిగ్గా మడవకపోతే ఇప్పటికీ మార్కులు తగ్గిస్తారు. నాది పర్సనల్ సపోర్ట్ వర్కర్ ఉద్యోగం. డబ్బు ప్రభుత్వానిది, పంపేది ఏజెన్సీ, బస్సుల వెంట పరుగులు పెట్టేది నేను. ఇంట్లో అడుగుపెట్టి ఫోన్‌లో నొక్కితే జీతం మొదలు, బయటికొస్తూ నొక్కితే ఆఖరు. ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి వెళ్ళే నలభై నిమిషాలూ నేను అసలు భూమ్మీద లేనట్టే లెక్క.

ఆంటీకి వారానికి ఐదు స్నానాలు. అవి అవసరమో కాదో చూడడానికి ప్రభుత్వం తరఫున కేర్ కోఆర్డినేటర్ ఒకావిడ వచ్చింది. ఆ రోజు నేను వేరే ఇంట్లో ఉన్నాను. మర్నాడు ఆంటీ మురిసిపోతూ చెప్పారు.

"కోడలి చేత పట్టుచీర కట్టించుకున్నానమ్మా. ఎలా ఉన్నారని అడిగింది. దేవుని కృప వల్ల ఏ లోటూ లేదన్నా. స్నానం మీరే చేసుకోగలరా అంది. ఆయన బలమిస్తే ఏదైనా చేస్తానన్నా!"

నాకు తల బాదుకోవాలనిపించింది. మా వాళ్ళ సంగతి నాకు తెలియదా? చర్చిలో మైకు చేతికిస్తే చాలు, కాలు విరిగినవాడు కూడా అంతా బాగుందని సాక్ష్యం చెప్పిగానీ కూర్చోడు. పాపం ఆ కోఆర్డినేటర్‌కు ఇదేం తెలుసు? టిక్కులు పెట్టుకుని వెళ్ళిపోయింది.

ఐదు స్నానాలు రెండయ్యాయి. నా గంటలూ తగ్గాయి, ఒళ్ళు మండిపోయింది. ఆ మంట కూడా మూడో వారం వెళ్ళేదాకానే. ఆంటీ ఒంటిచేత్తో స్నానానికి దిగి బాత్‌రూమ్‌లో జారిపడ్డారు. తుంటి దగ్గర నల్లగా కమిలిపోయింది. చూసి ఏడుపొచ్చింది. ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నారు. ఆ ఒట్టు తీసి గట్టు మీద పెట్టి కోఆర్డినేటర్‌కు ఫోన్ చేశాను.

ఆవిడ మళ్ళీ వచ్చే రోజు నేనూ అక్కడే ఉన్నాను.

"ఆంటీ, ఈసారి సాక్ష్యం వద్దు. ఉన్నదున్నట్టు చెప్పండి."

"అంటే నేను అబద్ధాలు చెప్పాననా?" అని కళ్ళెర్రజేశారు.

కానీ పట్టుచీర కట్టలేదు, నైటీలోనే కూర్చున్నారు. కోఆర్డినేటర్ మళ్ళీ ఆ స్నానం సంగతే అడిగింది. "నా వీపు నేను కడుక్కోలేను. మొన్న పడ్డాను కూడా," అన్నారు ఇంగ్లిష్‌లో, క్లాసులో డిక్టేషన్ చెప్పినంత స్పష్టంగా. ఆ మాట కోసం ఆంటీ ఎంత దిగమింగుకున్నారో నాకు తెలుసు.

కోఆర్డినేటర్ అంతా రాసుకుని నా వైపు తిరిగింది. పనిచేసేవాళ్ళ సంగతి కూడా కనుక్కోమని ఆవిడ పైవాళ్ళు చెప్పారట.

"ఏజెన్సీ మీకు డబ్బులన్నీ సరిగ్గా ఇస్తోందా? దారిలో పోయే టైముకు కూడా?"

"ఆ, అంతా బాగానే ఉంది. నో ప్రాబ్లమ్," అన్నాను నవ్వుతూ.

ఆంటీ మంచి చేత్తో నా జబ్బ మీద ఒక్కటి వేశారు.

"నీ సాక్ష్యం అయిపోయింది, కూర్చో," అని తెలుగులో కసిరి, ఆవిడ వైపు తిరిగి ఇంగ్లిష్‌లోకి మారారు. "రాసుకోండి. ఈ పిల్ల నా దగ్గరికి రావడానికి నలభై నిమిషాలు బస్సులో వస్తుంది. దానికి ఎవరూ ఒక్క సెంటు కూడా ఇవ్వరు."