మడతపెట్టిన మేజోళ్ళతో అరకు

ముందే ఒప్పుకుంటున్నాను. నేను ఉన్నది ఉన్నట్టు చెప్పే మనిషిని కాను. లెక్కల మాస్టార్ని కాబట్టి అంకెలు నా చేతిలో ఉంటాయి. చేతిలో ఉన్నదాన్ని నాలుగింతలు చేసి వడ్డిస్తే గాని నాకు తృప్తి ఉండదు. కనుక ఈ యాత్రలో నేను చెప్పే మెట్లూ చలీ ఆకలీ అన్నిటినీ నాలుగుతో భాగించుకుని చదవండి. రైలు టైము మాత్రం భాగించకండి, బండి తప్పిపోతుంది.

ఈ ప్రయాణానికి కారణం నా ఎడమ కాలు. ఇరవై ఎనిమిదేళ్ళు నల్లబల్ల ముందు నిలబడిన కాలు అది. పిక్క మీద నరాలు పందిరికి అల్లుకున్న పొట్లతీగల్లా మెలికలు తిరిగాయి. నిరుడు చీలమండ లోపలివైపు పుండు లేచింది. అది అరిసెంత అని నేనంటాను, రూపాయి బిళ్ళంత అని మా ఆవిడ భారతి అంటుంది. కట్లు కట్టగా కట్టగా ఐదు నెలలకి మానింది. డాక్టరుగారు కాలికి రక్తం సరిగ్గా అందుతోందో లేదో పరీక్ష చేసి, ఇక కట్టు మానేసి అదిమి పట్టే మేజోళ్ళు, అంటే కంప్రెషన్ స్టాకింగ్స్, వేసుకోమన్నారు.

"పొద్దున్న మంచం దిగకముందే తొడుక్కోండి. రాత్రి పడుకునేటప్పుడు తీసెయ్యండి. రెండు రోజులు బాగా నడిచి సోమవారం వచ్చి చూపించండి. వాపు లేకపోతే క్లాసుకి వెళ్ళండి. ఉంటే మాత్రం కూర్చునే పని చూసుకోవాల్సిందే" అన్నారు.

కూర్చునే పని మా హెడ్మాస్టరు అప్పటికే చూసిపెట్టారు. లైబ్రరీ బీరువా పక్కన ఒక కుర్చీ. అందులో పుస్తకాలు పన్నెండు, బల్లులు పన్నెండు వందలు. నాకా, కూర్చుంటే నోట్లోంచి సూత్రం రాదు. సుద్దముక్క పట్టుకుని నాలుగడుగులు అటూ నాలుగడుగులు ఇటూ వేస్తేనే లెక్క కదుల్తుంది. అందుకే, నడవమన్నారు కదా, నడిచేదేదో కొండల్లోనే నడుద్దాం అన్నాను. భారతి పెళ్ళైనప్పటి నుంచి అరకు అడుగుతోంది. వెంటనే సరేనంది.

గురువారం పొద్దున్నే మందుల షాపుకి వెళ్ళాం. పొద్దున్నే ఎందుకంటే సాయంత్రానికి కాలు ఉబ్బుతుంది, ఉబ్బిన కాలుకి కొలత తీస్తే మేజోడు వదులైపోతుంది. షాపు ఆవిడ టేపుతో చీలమండ చుట్టూ, పిక్క లావుగా ఉన్నచోట, మడమ నుంచి మోకాలి మడత దాకా కొలిచింది. కొలిచి, "మోకాలి కిందవరకూ వచ్చేవి చాలు. పొట్టీ పొడుగూ రెండు రకాలున్నాయి. పొడుగువి తీసుకోండి, మిగిలితే పైన మడతపెట్టుకోవచ్చు" అంది. సరేనని పొడుగువే తెచ్చుకున్నాను. ఈ మాట గుర్తుపెట్టుకోండి, దీనితో పని పడుతుంది.

శనివారం తెల్లవారుజామున నాలుగున్నరకి మంచం మీదే యుద్ధం మొదలైంది. మేజోడుని మడమ దాకా తిరగేసి, పాదం దూర్చి, అంట్లు తోముకునే రబ్బరు తొడుగులు చేతికి వేసుకుని కొంచెం కొంచెంగా పైకి జరపాలి. కొండచిలువ విడిచిన కుబుసాన్ని మళ్ళీ దానికే తొడగడం ఇంతకంటే తేలిక. గంటన్నర పట్టింది. పదకొండు నిమిషాలని భారతి అంటుంది. మోకాలి దగ్గర మిగిలిన గుడ్డని రెండు మడతలు పెట్టాను. మడత దగ్గర బెల్టులా బిగిసింది. ఎంత బిగిస్తే అంత మేలనుకుని సంతోషించాను.

విశాఖపట్నంలో బండి ఉదయం ఆరూ ముప్పావుకి. కుడివైపు కిటికీ పట్టుకోండి, లోయలు అటే ఎక్కువ. శృంగవరపుకోటలో ఒక ముసలావిడ పనస తొనల బుట్టతో ఎక్కి నా ఎదురుగా కూర్చుంది. పంట్లాం మడిచిన నా కాళ్ళకేసి చూసి, చూసి, అడిగింది.

"ఏటి బాబూ, ఆ మేజోళ్ళకి యేళ్ళు లేవేటి? ఎలకలు కొట్టేసినాయా?"

"అవి అలాగే ఉంటాయమ్మా, వేళ్ళ రంగు కనబడాలని" అన్నాను.

"డబ్బులెట్టే కొన్నావా?"

"కొన్నానమ్మా."

"యేళ్ళున్నవి అడగలేపోయావా, బాబూ!" అని జాలిపడి ఒక పనస తొన చేతిలో పెట్టింది.

తర్వాత సొరంగాలు మొదలయ్యాయి. నా లెక్కకి రెండు వందల ముప్పై వచ్చాయి. ప్రతి సొరంగంలోనూ పిల్లలు కేకలు వేశారు, నేనూ వేశాను. పదింటికి కాస్త అటూ ఇటూగా బొర్రాలో దిగాం. గుహల్లో మెట్లు నాలుగు వేలు. నాలుగుతో భాగించినా ఎక్కువేనని భారతి. దిగేటప్పుడు హాయిగా దిగాను. ఎక్కేటప్పుడు మాత్రం మోకాలి కింద ఎవరో తాడేసి లాగుతున్నట్టుంది. మేజోడు పని చేస్తోందన్న మాట, అనుకుని ఇంకో మడత బిగించాను.

బయట వెదురు గొట్టంలో కాల్చిన కోడికూర, అన్నం తిని, రెండు గంటలకి జీపెక్కి మెయిన్ రోడ్డుకి, అక్కడి నుంచి బస్సులో అనంతగిరికి చేరాం. ఊరికి కాస్త లోపల కాఫీ తోటలో సుకురు అనే రైతు రెండు గదులు అద్దెకిస్తాడు. అరవై దాటిన మనిషి, వెదురులా సన్నగా, నిటారుగా ఉంటాడు. ఫోనులో ముందే చెప్పుకుంటే వేడినీళ్ళు, రాగి అంబలి, రాత్రికి రాజ్మా కూర ఆయన భార్యే చేసిపెడుతుంది. గదులు శుభ్రం. చలికి మాత్రం రెండు రగ్గులు అడగండి. నేను ఎనిమిది అడిగాను, రెండే ఇచ్చారు.

సాయంత్రం ఆరింటికి మేజోళ్ళు తీశాను. భారతి నవ్వు ఆగిపోయింది. మోకాలి కింద ఎర్రటి వాత పడింది, కడియం వేసినట్టు. దాని కింద కాలు సోరకాయలా ఉంది. డాక్టరుగారు నేర్పినట్టు చీలమండ పైన బొటనవేలితో నొక్కి పది లెక్కపెట్టి తీసింది. నొక్కు పల్లంగా అలాగే ఉండిపోయింది. మానిన పుండు మచ్చ పల్చబడి తళతళలాడుతోంది. ఇందులో నేను పెంచింది ఏమీ లేదు.

"బేగి ఇంటికెళ్ళిపోదామండీ. రేపు పొద్దున్న మొదటి బస్సుకే. లైబ్రరీ అయితే ఏటి, కుర్చీ అయితే ఏటి, కాలు ముఖ్యం కాదా?" అంది.

కాళ్ళ కింద రెండు తలగడలు పెట్టుకుని పడుకున్నాను. లైబ్రరీ బల్లులు ఒక్కొక్కటే వచ్చి నా పేరు అడిగి వెళ్ళాయి.

పొద్దున్న లేచేసరికి వాపు సగం దిగింది. ఇంకొక్కసారి చూద్దామని మంచం మీదే మళ్ళీ తొడిగి, మళ్ళీ మడతపెట్టి అరుగు మీదకొచ్చాను. ఫిబ్రవరి కదా, మిరియాల కోత నడుస్తోంది. సిల్వరోక్ చెట్లకి పాకిన మిరియం తీగల మీద పండిన గుత్తులు కొయ్యడానికి సుకురు తయారవుతున్నాడు. ఒంటి వెదురుకి అడుగు పెట్టే గణుపులు మిగిల్చిన నిచ్చెన గోడకి ఆనించి ఉంది. ఆయన కింద కూర్చుని పాత గుడ్డ పేలిక ఒకటి కాలికి చుట్టుకుంటున్నాడు. నా కాలు చూసి చెయ్యి ఆపేశాడు.

"ఏటి మేస్టారూ, కాలికి ఉరేసినావేటి?"

"ఉరి కాదయ్యా, వైద్యం. ఇది ఇంత ఖరీదు..."

"ఖరీదైన ఉరేలే. ఇటు సూడు." తన పేలిక విప్పి మళ్ళీ మొదటి నుంచి చుట్టాడు. పాదం దగ్గర గట్టిగా, చీలమండ మీద ఇంకా గట్టిగా, పిక్క మీదకి వచ్చేసరికి కొంచెం వదులుగా, మోకాలి కింద ఊరికే ముడి వేసినట్టు. "కింద బిగువుండాల. పైకి పోతంటే దారి ఇవ్వాల. మా అయ్య ఇలాగే కట్టీవోడు. పొద్దస్తమానం నిచ్చెన మీద నిలబడాల కదా, నీరు కిందకి దిగిపోతాది. నువ్వు తల్లకిందులుగా సేత్తన్నావు. పైన గేటేసేసి, కింద నీరు తోస్తన్నావు. ఎటు పోతాదది?"

"నీకూ నిలబడే ఉద్యోగమేనన్న మాట" అన్నాను, మాట మార్చడానికి.

"మరి? నిలబడకపోతే మిరియం దానంతటదే దిగొస్తాదేటి?"

"మడత తీసెయ్యమంటావా? మరి మిగిలిన గుడ్డ?"

ఈ లోపల భారతి లోపలికి వెళ్ళి సంచీ వెతికి మేజోళ్ళ డబ్బాలో వచ్చిన కాగితం తెచ్చింది. చక్కటి తెలుగులో ఉంది. పై అంచు ఎప్పుడూ మడవరాదు, మోకాలి మడతకి రెండు వేళ్ళ కింద ఉండాలి, ముడతలు ఉండరాదు అని పెద్ద అక్షరాల్లో. ఆ కాగితాన్ని గురువారం నుంచి నేను పళ్ళపొడి పొట్లానికి వాడుతున్నాను. భారతి నన్ను మంచం మీద కూర్చోబెట్టి, మడతలు విప్పి, రబ్బరు తొడుగులతో గుడ్డని పైనుంచి కిందకి చిన్నగా నిమిరింది. మిగిలినదంతా చీలమండ దాకా సర్దుకుంది. సుకురు గుమ్మంలోంచే రెండు వేళ్ళు చూపించి, "అదీ, ఇప్పుడు కట్టు" అని నిచ్చెన భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

మొదటి బస్సు పోనిచ్చాం. రెండు గంటలు కాఫీ తోటలో ఎత్తులూ పల్లాలూ తిరిగాం. పిక్కని ఎవరో మెత్తగా పట్టుకుని పైకి తోస్తున్నట్టు తేలిగ్గా ఉంది. తొమ్మిదిన్నర బస్సుకి అరకు చేరి, మ్యూజియం చూసి, వేడివేడి కాఫీలు మూడేసి తాగి, బజార్లో బేరమాడి పసుపు కొమ్ములు కొని, భోజనం చేసి స్టేషనుకి వచ్చాం. మధ్యాహ్నం మూడు దాటాక తిరుగు బండి. నిలబడే వచ్చాను కొత్తవలస దాకా, సీటున్నా కూడా. నాలుగడుగులు అటూ నాలుగడుగులు ఇటూ. ఎదుటి సీట్లో ఒక అబ్బాయికి భిన్నాలు కూడా చెప్పాను, అడక్కుండానే.

కొత్తవలస దాటాక, ఇంకో గంటలో దిగుతామనగా, భారతి ఎదుటి సీటు మీద తువ్వాలు పరిచి కాలు పెట్టమంది. మేజోడు తీసింది. మోకాలి కింద ఎర్ర వాత లేదు. మచ్చ పొడిగా, మామూలు రంగులో ఉంది. చీలమండ పైన బొటనవేలు పెట్టి నొక్కింది. ఒకటి, రెండు... బోగీలో సగం మంది లెక్కపెట్టారు. అంటే నలుగురు. పది అని వేలు తీసింది. పల్లం లేదు. ఊరికే తెల్లటి ముద్ర పడి, చూస్తుండగానే రంగు తిరిగింది.

"సుద్దముక్కలు సర్దుకోండి" అంది భారతి. అంతకంటే మంచి మాట ఈ యాత్రలో నేను వినలేదు. మీరు వెళ్తే నాలుగు వేల మెట్లకి భయపడకండి, కాళ్ళు సహిస్తాయి, కాఫీ బాగుంటుంది, సుకురు అంబలి ఇంకా బాగుంటుంది.

ఇదంతా బండిలోనే నోటు పుస్తకంలో రాస్తూంటే భారతి భుజం మీంచి చదివింది. బొర్రా మెట్ల దగ్గర నవ్వింది, సొరంగాల దగ్గర తల పట్టుకుంది. మందుల షాపు దగ్గర మాత్రం పెన్ను లాక్కుంది.

"ఇదేటండీ, పాపం ఆవిడ మీద పెట్టేశారు?"

సరే, చెప్పేస్తున్నాను. మెట్లూ బల్లులూ పెంచినవి, అవి మీకు తెలుసు. పూర్తిగా కల్పించింది ఆ ఒక్కటే. షాపు ఆవిడ పొడుగువి తీసుకోమనలేదు. "మీ కాలికి పొట్టివి సరిపోతాయి. పొడుగువి తీసుకుని మడతపెడితే కాలికి ముప్పు" అని రెండుసార్లు చెప్పింది. రెండూ ఒకటే రేటు కదా, గుడ్డ ఎక్కువున్నదే ఇవ్వండి అన్నది నేనే.