లెక్కకు మించిన మానెడు

పోయిన ఆదివారం ఆరాధన ముగిశాక మా సంఘ కార్యదర్శి మందిరం గుమ్మం పక్కన గోడకు ఒక కాగితం అంటించాడు. దాని మీద నలుపు తెలుపు గళ్ల బొమ్మ, దాని కింద రెండు వరుసల రాత ఉన్నాయి. ఇకమీదట పిడికెడు బియ్యం కానుకను సంచుల్లో మోసుకురాలేనివారు ఫోనును ఈ బొమ్మకు చూపి, తగిన సొమ్ము పంపవచ్చునని దాని సారాంశం. పనికివచ్చే పని చేశానన్న తృప్తితో ఆయన నా వైపు తిరిగి, "టీచరమ్మా, ఇగ మోసే ఫికర్ లేదు," అన్నాడు. మంచిదే అన్నాను. కానీ ఇరవై ఎనిమిదేళ్లుగా లెక్కలు చెబుతున్న అలవాటు ఊరుకోనివ్వదు గదా. తగిన సొమ్ము అంటే ఎంత? పిడికెడు అంటే ఎవరి పిడికెడు? ఆ ప్రశ్న ఆయనను అడగలేదు. ఇంటికి వచ్చి, భోజనం చేసి, అటక మీది ఇనుప పెట్టె దింపి నా మొదటి డైరీ తీశాను. అట్ట ఊడిపోయింది గానీ లోపలి పేజీలు చెక్కుచెదరలేదు. అందులో మా పెద్దవ్వ, అంటే నన్ను పెంచిన పెద్దమ్మ, పిడికెడు ఎంతో రాసి ఉంది.

మా సంఘాల సంగతి తెలియనివారి కోసం ఆ ఆచారం ఇక్కడ చెప్పాలి. పొయ్యి మీద ఎసరు పెట్టాక, ఆ పూటకు కొలిచిన గింజల్లోంచి ఇంటి ఇల్లాలు ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేస్తుంది. అది దేవుని కుండ. నెలాఖరున అందులోని గింజలను మందిరానికి తీసుకుపోతారు. వాటితో పాస్టరు అయ్యగారి ఇల్లు గడుస్తుంది, మిగిలినవి బీదవారికి పోతాయి. ఇంట్లో ఎన్ని గింజలున్నా, ఎన్ని లేకపోయినా పూటకు పిడికెడు తప్పదు. మంథని అవతల, గోదావరి ఒడ్డున ఉన్న మా పాత ఊళ్లో క్రైస్తవుల ఇళ్లు ఏడు. ఆరిళ్ల కుండల్లో రేషన్ మీద వచ్చే కంట్రోలు బియ్యం ఉండేవి. ఏడోది మా ఇల్లు. మా కుండలో మాత్రం పచ్చజొన్నలు ఉండేవి. ఎందుకంటే పెద్దవ్వ భర్త, మా పెద్దబాపుకు, జొన్నరవ్వతో వండే గట్క లేకపోతే కడుపు నిండినట్టు ఉండేది కాదు. అన్నం తిన్న రోజు, తిని లేచిన గంటకే ఆయన వంటింటి వైపు తొంగి చూసేవాడు.

నెలాఖరు ఆదివారం తెల్లటి బియ్యపు కుప్ప పక్కన మా పచ్చటి జొన్నలు పోస్తుంటే నాకు తల వంచుకోవాలనిపించేది. ఒకసారి సంఘ పెద్ద భార్య నవ్వుతూనే అంది: "దేవునికి గూడ గట్కనేనా, అక్కా?" పెద్దవ్వ నిదానంగా చెంగు దులుపుకుని, "మేం తిననిది ఆయనకెట్ల పెడుదు, చెల్లె? మా ఇంట్ల ఏం ఉడుకుతున్నదో ఆయనకు తెల్వదా?" అంది. ఆ మాటకు సంఘ పెద్ద భార్య కూడా నవ్వేసింది. నేను మాత్రం నవ్వలేదు. పదో తరగతి పాసైనదాన్నని, ఇంట్లో చదువుకున్నది నేనొక్కదాన్నేనని, నాకు ఆ వయసులో సిగ్గు జాస్తి.

నన్ను కన్న అవ్వ, బాపు నా చిన్నతనంలోనే పోయారు. నన్ను పెంచింది పెద్దవ్వే. మనిషి పొట్టి, చెయ్యి పెద్దది. ఆ చెయ్యి కొలత నేనే తీశాను. పందొమ్మిదేళ్ల వయసులో డైరీ మొదలుపెట్టినప్పుడు రాయడానికి విశేషాలేమీ లేక, కనబడినవన్నీ కొలిచి రాసేదాన్ని. పెద్దవ్వ పిడికిళ్లు పదహారైతే ఒక తవ్వ. రెండు తవ్వలు ఒక మానెడు, నాలుగు మానెళ్లు ఒక కుంచెడు. మూడుసార్లు కొలిచినా తేడా రాలేదు. "నా చెయ్యి కొలిశినవ్ గని, పని ఎవలు కొలుస్తరు?" అని ఆమె నన్ను వాకిలి ఊడ్వమని పంపింది.

ఆ ఏడాదే మా ఊరు జలాశయం వెనుక నీళ్లలోకి పోయింది. ఏడు కుటుంబాలూ ఒక్కమాట మీద ఉండి, ఆదిలాబాద్ వైపు నల్లరేగడి భూమి చవకగా దొరుకుతుందని విని, అక్కడ పక్కపక్కనే తలా కొంత తీసుకున్నాయి. ఫిబ్రవరి రెండో తారీఖున, అయిదు ఎడ్లబండ్లు, ఒక అద్దె లారీలో దిగాం. సామానులో ముందుగా దిగింది దేవుని కుండ. దాన్ని పెద్దవ్వ లారీ ముందు సీట్లో ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. డ్రైవరు పక్కన కూర్చోవాలనుకున్న పెద్దబాపు వెనక మంచాల మీద కూర్చుని వచ్చాడు. పాత కానుకలన్నీ పాత మందిరంలోనే అప్పగించి వచ్చాం గనుక కుండ ఖాళీ. ఆ పూటే మూడు రాళ్ల పొయ్యి మీద ఎసరు పెట్టి, మొదటి పిడికెడు అందులో వేసింది. కొత్తచోట మందిరం లేదు, అయ్యగారు లేరు. అయ్యగారిని పంపమని ఉత్తరం రాశాం. ఆయన వచ్చేదాకా నిండిన గింజలను పెద్దవ్వ బూడిద, వేపాకు కలిపి గోలెంలో పోసి, మూతికి పేడ మెత్తేది. ఇంటి గింజలకు అంత సేవ ఎన్నడూ జరగలేదు. అడిగితే, దేవుని సొమ్ముకు పురుగు పడితే ఏ మొఖం పెట్టుకుని ఇస్తామనేది.

మేము చేసిన తప్పు ఏమిటంటే, నల్లనేలను ఎర్రనేల అనుకున్నాం. మా పాత భూములు ఎర్రచెల్కలు. మిరుగంలో, అంటే మృగశిర కార్తెలో, మొదటి వాన పడగానే విత్తితే మొలక గుంజుకుని వస్తుంది. నల్లరేగడి అట్లా కాదు. పక్క చేను ఆసామి, మరాఠీ కలిసిన తెలుగు మాట్లాడే పెద్దాయన, గట్టు మీద నిలబడి మా పెద్దబాపుకు చెప్పాడు: "భావూ, గిది మీ చెల్క గాదు. రెండు మూడు వానలు తాగనియ్యి. మీద తడిసినట్టు కొడ్తది గని లోపల ఇంక దూపతోనే ఉంటది." పెద్దబాపు నాగలి మేడి వదలకుండానే, "నలభై ఏండ్లాయె ఎవుసం జేయవట్టి," అన్నాడు. మిగతా ఆరు కుటుంబాల వాళ్లు ఆయన్ను చూసి విత్తారు. అది జూన్ తొమ్మిది. నాలుగో రోజుకు మొలక కనబడింది. అయిదో రోజు ఎండ కాసింది. తరువాత నెలాఖరు దాకా చినుకు లేదు. నేల నెర్రెలు పెట్టింది, మొలకలు నెర్రెల అంచుల మీద ఎండు గడ్డిలా వాలిపోయాయి. ఆ పక్క చేను ఆసామిని మేమంతా మామ అనేవాళ్లం. వచ్చి, చూసి, తలపాగా సర్దుకుని పోయాడు. ఆయన ఏదైనా అని ఉంటే పెద్దబాపుకు కొంత తేలికయ్యేదేమో.

జూన్ ముప్పైన మొదలైన వాన ఆగస్టు సగం దాకా విడవలేదు. చేలలో ఎద్దు కాలు పెడితే మోకాలి దాకా దిగబడేది. తిండికి తెచ్చుకున్న జొన్న బస్తాలు అయిపోయాయి, విత్తనం ముందే మట్టిలో కలిసింది. చుట్టుపక్కల గుమ్ముల్లో ఉన్న జొన్నలు ఆ ముసురుకు బూజు పట్టాయి. పక్క చేను మామ దగ్గర తన చేనుకు సరిపోయేంత మాత్రమే మిగిలింది. మేమంతా కలుపు కూలీకి పోయాం. కూలీకి ఇచ్చే పాత జొన్నల్లోంచి కూడా పెద్దవ్వ పూటకు పిడికెడు తీస్తూనే ఉంది. సెప్టెంబరులో పెద్దబాపు ఆరు కుటుంబాల మగవాళ్లను కూర్చోబెట్టి, యాసంగికి, అంటే చలికాలపు పంటకు, విత్తనం లేదు గనుక భూములు తిరిగి ఇచ్చేసి, తలా ఒక దిక్కు కూలికి పోదామన్నాడు. అందరూ సరేనన్నారు. ఉత్తరం అందుకున్న అయ్యగారు ఆ నెల ముప్పైన, ఆదివారం, వస్తున్నారు. ఆయన ముందర చెప్పి, ప్రార్థన చేయించుకుని విడిపోవాలన్నది నిర్ణయం. ఇంటికి వచ్చి ఆ మాట చెప్పినప్పుడు పెద్దవ్వ రొట్టె చరుస్తోంది. ఆమె చరవడం ఆపలేదు గానీ, ఆ రొట్టె ఒక పక్క పలచనై చిల్లి పడింది. అంతకు ముందు ఆమె చేతిలో రొట్టె చిల్లి పడటం నేను చూడలేదు.

మాలో ఒకరు మందిరానికని వదిలిన బీడులో నాలుగు గుంజలు పాతి రేకులు వేశాం. ఆ ఆదివారం దాని కింద ఎనిమిది నెలల కానుకలు పోశారు. ఆరు బియ్యపు కుప్పలు, ఒక జొన్నల కుప్ప. అయ్యగారు సన్నగా, చెమటకు తడిసిన తెల్లచొక్కాతో ఉన్నారు. పెద్దబాపు లేచి, చేతులు కట్టుకుని, తప్పు తనదేనని, ఏడు కుటుంబాలను తానే ముంచానని, ఇక సెలవు ఇప్పించమని చెప్పాడు. అయ్యగారు కుప్పల దగ్గరికి నడిచారు. వంగి బియ్యం తీసి చూశారు. జొన్నలు తీసి బూడిద ఊది, ఒక గింజ పంటి కింద కొరికారు. ఆయనా రైతుబిడ్డేనని మాకు అప్పుడే తెలిసింది.

"బియ్యం మొలవయి," అన్నారు. "ఇవి మొలుస్తయి."

గట్క దేవునికా అని నవ్విన సంఘ పెద్ద భార్య ముందుగా కళ్లు తుడుచుకుంది. పెద్దవ్వ మాత్రం లేచి నిలబడింది. సంతోషించిందనుకుంటే పొరపాటు. "అవి దేవునియి, అయ్యగారు. ఇచ్చినయి మల్ల నా ఇంటికి మోసుకపోను," అంది.

"నువ్వు మొయ్యకమ్మా. సంఘం మోస్తది. బియ్యం తిననీకి, జొన్నలు విత్తనీకి."

అప్పుడామె రెండు షరతులు పెట్టింది. ప్రతి చేనులో మొదటి సాలు దేవునిది. ఆ సాలు పంట కుండలోకే రావాలి. రెండోది చెప్పేటప్పుడు పెద్దబాపు వైపు చూడకుండా, రేకుల వైపు చూస్తూ చెప్పింది: "ఎప్పుడు విత్తాల్నో మన మొగోల్లు చెప్పద్దు. పక్క చేను మామ చెప్పాలె." పెద్దబాపు మెడ వెనక గోక్కున్నాడు. అంతమందిలో మొదట నవ్వినవాడు ఆయనే. ఆ మధ్యాహ్నమే గట్టు దాటి పోయి మామను పిలుచుకొచ్చాడు. మామ నేలను గడ్డపారతో జానెడు లోతు తవ్వి, మట్టి పిసికి చూసి, ఇంకో అయిదు రోజులన్నాడు. అయిదు రోజులూ పెద్దబాపు పొద్దున్నే గట్టు మీద నిలబడి ఆయన ముఖం కేసి చూసేవాడు. ఆరో రోజు మామ తలూపాడు.

జొన్నలు పంచే పని నాది. పంచేముందు లెక్క కట్టాను. ఫిబ్రవరి రెండు నుంచి సెప్టెంబరు ఇరవై తొమ్మిది దాకా రెండు వందల నలభై రోజులు. రోజుకు రెండు పూటల చొప్పున నాలుగు వందల ఎనభై పిడికిళ్లు. అంటే మూడు కుంచాల మూడు మానెళ్లు. కొలిస్తే సరిగ్గా నాలుగు కుంచాలు వచ్చాయి. మళ్లీ కొలిచాను. మళ్లీ నాలుగే. ఒక మానెడు ఎక్కువ. పెద్దవ్వను అడిగితే, "కొత్త నీళ్లకు నా చెయ్యి పెరిగినట్టుంది," అని నవ్వి తప్పించుకుంది. ఏడు ఇళ్లకు నాలుగేసి తవ్వలు పోగా నాలుగు తవ్వలు మిగిలాయి. వాటిని మందిరం చుట్టూ ఉన్న బీడులో చల్లాం. నీటి వసతే లేని ఆ నేలలో, మామ చెప్పినట్టే, లోపలి తడితో పైరు నిలబడింది. ఫిబ్రవరిలో కంకులు కోశాం. ఎవరూ కూలికి పోలేదు. డైరీలో ఆ కొలత కింద నేను రాసుకున్న వాక్యం ఇది: "ఒక మానెడు తేడా. కారణం తెలియదు."

పెద్దవ్వ పోయి పదకొండేళ్లయింది. పెద్దబాపు అంతకు ముందే పోయాడు, చివరిదాకా మామను అడగకుండా విత్తనం ముట్టలేదు. పోయిన ఆదివారం మధ్యాహ్నం ఆ డైరీ పేజీలు ఊరికే తిప్పుతుంటే, జూన్ పద్నాలుగు దగ్గర నా రాతే కనబడింది: "పెద్దవ్వకు కడుపులో బాగలేదు. మాపు తినలేదు." పదిహేను: "ఇంకా తగ్గలేదు. మాపు తినలేదు." పదహారు, పదిహేడు, అట్లా ఇరవై తొమ్మిది దాకా, అదే మాట. మరునాడు వాన. వాన పేజీలో, "పెద్దవ్వ కులాసాగా ఉంది, రెండు రొట్టెలు తిన్నది," అని రాసి ఉంది.

పదహారు మాపులు, అంటే పదహారు రాత్రి పూటలు. ఆమె మాపటి రొట్టెకు రెండు పిడికిళ్ల జొన్నలు పట్టేవి. పదహారు రెళ్లు ముప్పై రెండు. ముప్పై రెండు పిడికిళ్లు సరిగ్గా ఒక మానెడు. మా సంఘాల్లో ఉపవాసమున్నవారి పూట తిండి దేవునికే చెందుతుంది. మొలకలు ఎండిపోతుంటే ఆమె వాన కోసం ఉపవాసముంది. ఆ మాట పైకి అంటే, తొందరపడి విత్తిన మనిషికి అది దెప్పినట్టవుతుంది. అందుకని కడుపునొప్పి అంది. నేను నమ్మి, తారీఖులతో సహా రాసుకుని, వాము నీళ్లు కూడా కాచి ఇచ్చాను. అవి ఆమె తాగింది.

ఆ మానెడు కలిసిన గింజలు మొలిచిన బీడులోనే ఇప్పుడు మందిరం ఉంది, గుమ్మం పక్కన గళ్ల బొమ్మ ఉంది. ఈ ఆదివారం నేను సంచీలో జొన్నలే తీసుకుపోతాను. కార్యదర్శి నవ్వితే నవ్వనీ. డైరీలో "కారణం తెలియదు" అన్న రెండు మాటలు కొట్టేసి, పక్కన కారణం రాశాను. పాత సిరా వెలిసి గోధుమరంగుకు తిరిగింది, కొత్తది ఇంకా ఆరలేదు. మధ్యలో గడిచిన ముప్పై అయిదేళ్లు ఆ రెండు రంగుల నడుమ వేలెడు ఖాళీలో ఇమిడిపోయాయి.