రెండు వందల పన్నెండో పేజీ

మా ఆఫీసులో ఆయన్ని అందరూ జిగురు బాబాయి అంటారు. పాత రికార్డులు బాగుచేయడం ఆయన పని. చిరిగినదాన్ని అతకడం, పురుగు తిన్నచోట పల్చటి కాగితం వేయడం, బూజు తుడవడం. ముప్పై ఆరేళ్లు అదే. నేను పక్క గదిలో, చూసుకోవడానికి వచ్చినవాళ్లకి రిజిస్టర్లు తెచ్చి ఇచ్చేదాన్ని. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ సంగతి ముందే చెప్పేస్తే మంచిది, ఎందుకంటే ఇందులో నేను చాలామంది మీద మండిపడతాను. బాబాయి మీద కూడా.

ఆయన గది భవనానికి వెనకవైపు ఉండేది. పెద్ద కిటికీ, పొడవాటి బల్ల, బల్ల మీద గాజు పలక, రకరకాల కుంచెలు, మైదా జిగురు గిన్నె. కూర్చుని టీ తాగాలనిపించేంత శుభ్రంగా ఉంచేవాడు. కానీ మూలనున్న బీరువా తలుపు తీస్తే చాలు, పులిసిన వాసన గుప్పున కొట్టేది. వెనిగర్ సీసా పగిలినట్టు. అందులో నాలుగు వందల పైచిలుకు పేజీలు ఉండేవి. ఒక్కో పేజీ రెండు ప్లాస్టిక్ పొరల మధ్య ఇరుక్కుని, పసుపెక్కి, ముడతలు పడి ఉండేది. ఆ పొరలు వేసిన మహానుభావుడు ఎవరో కాదు, బాబాయే.

ఆయన కొత్తగా చేరినప్పుడు పని నేర్పింది అంతకుముందు నుంచీ ఆ గదిలో పనిచేస్తున్న ఒక పెద్దాయన. ఆ ముసలాయనకి ఉన్నది ఒకటే పట్టుదలట. "నీళ్లతో ఊడనిది దేన్నీ కాగితానికి అంటించకురా. రేపు నీకంటే తెలివైనవాడు వచ్చి నీ పని విప్పాల్సి రావచ్చు" అనేవాడట. అంతలో యంత్రం వచ్చింది. కాగితానికి అటూ ఇటూ ప్లాస్టిక్ పొర పెట్టి వేడిగా నొక్కితే అయిపోయింది, ఇక వందేళ్లు చెక్కుచెదరదన్నారు. పెద్దాయన ససేమిరా అన్నాడు. బాబాయికి ఉరకలేసే వయసు. రోజుకి నలభై పేజీలు నొక్కిపారేశాడు. పెద్దాఫీసరు భుజం తట్టి ప్రశంసాపత్రం ఇచ్చాడు. ఈయన దాన్నీ అదే యంత్రంలో పెట్టి నొక్కి, ఇంట్లో గోడకి తగిలించుకున్నాడు. పెద్దాయనకి పని ఇవ్వడం అందరూ మానేశారు. రిటైరయ్యే రోజు ఆయన తన జిగురు గిన్నె కడిగి బోర్లించి వెళ్లిపోయాడట. బాబాయి ఈ మాట నాతో కనీసం ఇరవైసార్లు చెప్పి ఉంటాడు.

పదిహేనేళ్లు తిరిగేసరికి ప్లాస్టిక్ బండారం బయటపడింది. ముడుచుకుంది, పులిసింది, లోపలి కాగితాన్ని తినడం మొదలుపెట్టింది. అప్పటినుంచీ బాబాయి చేసిందల్లా తన పని తానే విప్పుకోవడం. ప్లాస్టిక్‌ని కరిగించే అసిటోన్ పోసిన ట్రేలో పేజీని నానబెట్టి, మెత్తబడిన పొరని కుంచెతో లాగేయడం. రోజుకి రెండు, మహా అయితే మూడు. నల్ల సిరాతో రాసినవన్నీ క్షేమంగా బయటపడ్డాయి. ఊదా సిరా మాత్రం ఆ ద్రవం తగిలితే కరిగిపోయేది. అందుకని ఊదా సిరా ఉన్న పేజీలన్నీ పక్కన పెడుతూ వచ్చాడు. బీరువాలో మిగిలిన నాలుగు వందలూ అవే.

బాబాయి రిటైర్మెంటుకి ఎనిమిది నెలలుండగా ఒక టైలరమ్మ వచ్చింది. యాభై దాటిన మనిషి, మెడలో కొలతల టేపు తీయడం మరిచిపోయి వచ్చేసింది. పసిగుడ్డుగా ఉన్నప్పుడు ఎవరో తనని అనాథ శరణాలయంలో ఇచ్చి వెళ్లారట. ఆ శరణాలయం మూతపడ్డాక రిజిస్టర్లు మా దగ్గరికి వచ్చాయి.

"మా అమ్మ పేరు కావాలండీ. ఇంకేం అక్కర్లేదు" అంది.

సూచికలో వెతికితే రెండు వందల పన్నెండో పేజీ అని తేలింది. నేను ఎగురుకుంటూ బాబాయి దగ్గరికి వెళ్లాను. ఆయన బీరువా తీసి పేజీ చూపించాడు. పొర గోధుమరంగుకి తిరిగి, జల్లెడలా పగిలిపోయింది. కింద 'తల్లి పేరు' అన్న అచ్చు అక్షరాలు ఎలాగో కనిపిస్తున్నాయి. ఆ పక్కన ఊదా మరక. అంతే.

టైలరమ్మతో మాత్రం "పని జరుగుతోందమ్మా, వచ్చే నెల రండి" అన్నాడు. ఆమె మరుసటి నెల మొదటి సోమవారం వచ్చింది. ఆ పై నెలా వచ్చింది. చెరిగిపోయిన సిరాని కూడా ఫోటోలో పట్టే కెమెరా కేంద్ర కార్యాలయంలో ఉందని తెలిసి, వాళ్లకి మూడు ఉత్తరాలు రాశాం. మూడింటికీ 'పరిశీలనలో ఉన్నది' అని జవాబు. ఏం పరిశీలనో, వాళ్ల మొహం! నాలుగో నెలలో పేజీ అంచు దానంతట అదే విరిగి బీరువాలో రాలింది.

నాకు ఒళ్లు మండిపోయింది. "ఎన్నాళ్లు తిప్పుతావు బాబాయ్ ఆవిణ్ణి? ఉన్నమాట చెప్పెయ్" అన్నాను.

"చెప్తే ఆశ పోతుందే."

"ఆశ ఆవిడకా, నీకా?"

ఆ సోమవారం ఆమె రాగానే బాబాయి కూర్చోబెట్టి అన్నీ చెప్పాడు. తానే పొర వేశానని, తీస్తే పేరు పోవచ్చని, తీయకపోతే ఏడాదిలో కాగితమే పొడి అవుతుందని. నేను తిట్లు తప్పవనుకున్నాను. టైలరమ్మ పేజీ మీదికి వంగి చూసింది.

"పోవచ్చంటున్నారు. ఇప్పుడు మాత్రం ఉందా అన్నయ్యగారూ? తీసేయండి" అంది.

అప్పటికప్పుడే తీశాడు. కిటికీలన్నీ తెరిచాం. ముగ్గురం ముక్కుకి గుడ్డలు కట్టుకున్నాం. పేజీని సన్నటి వలలాంటి జాలీ మీద పరిచి ట్రేలోకి దించాడు. కాసేపటికి పై పొర పాల మీగడలా ముడతపడింది. కుంచెతో దాన్ని ఒక మూల నుంచి తీస్తూ వచ్చాడు. నల్ల సిరా అక్షరాలు ఒక్కొక్కటే నిన్న రాసినట్టు తేలాయి. ఆడపిల్ల. మూడు వారాలు. నీలం శాలువా. ఎడమ మోచేతి మీద పుట్టుమచ్చ. నేను పైకి చదువుతున్నాను. టైలరమ్మ తన మోచేతిని గట్టిగా పట్టుకుంది.

తర్వాత ట్రేలో ఊదారంగు కదిలింది. బాబాయి జాలీని ఒక్క ఊపున పైకి లాగాడు. అప్పటికే ఆలస్యమైంది. ద్రవమంతా లేత ఊదాగా మారింది. 'తల్లి పేరు' పక్కన తెల్లగా, శుభ్రంగా, ఏమీ లేదు. కలం గీసిన గాడైనా దొరుకుతుందేమోనని కాగితాన్ని వెలుతురుకి ఏటవాలుగా పెట్టి చూశాడు. భూతద్దంతో చూశాడు. నాకిచ్చి చూడమన్నాడు. రాసిన మనిషిది ఎంత తేలిక చెయ్యో, ఖర్మ, ఒక్క గీత కూడా దిగలేదు.

చివరికి టైలరమ్మే అడిగింది.

"అన్నయ్యగారూ, మీరు ఆ రోజు పొర వేసేటప్పుడు పేజీ చూసే ఉంటారుగా. అప్పుడు పేరు బాగానే కనపడేదిగా."

బాబాయి పేజీని గాజు పలక మీద పెట్టాడు.

"చూసే ఉంటానమ్మా. తిరగబడకుండా పెట్టాలని ప్రతి పేజీ చూసేవాణ్ణి."

"గుర్తు తెచ్చుకోండి మరి. ఆ పేరు చూసిన ఆఖరి మనిషి మీరే."

ఆయన కళ్లు మూసుకున్నాడు. నేను లోపల్లోపల మొక్కుకున్నాను, గుర్తు రావాలని. కళ్లు తెరిచి "రోజుకి నలభై పేజీలమ్మా. గుర్తు లేదు" అన్నాడు.

"పోనీ, ఏదో ఒక పేరు చెప్పండి. నిజం కాకపోయినా ఫర్వాలేదు. మీరు చెప్తే నేను నమ్ముతాను" అంది టైలరమ్మ.

చెప్పొచ్చుగా! ఒక్క పేరు. ప్రపంచంలో ఆడవాళ్ల పేర్లకి కరువా? నేను బల్ల కింద నుంచి ఆయన కాలు తొక్కాను. రికార్డులో లేని పేరు ముప్పై ఆరేళ్లలో ఒక్కటి కూడా చెప్పని మనిషి ఆయన. రెండు చేతులూ జోడించి, "నా వల్ల కాదమ్మా, క్షమించు" అన్నాడు. టైలరమ్మ లేచి, కుర్చీ సర్ది, వెళ్లిపోయింది. ఆ తర్వాతి నెల సోమవారం రాలేదు. ఆ పై నెలా రాలేదు. మళ్లీ ఎప్పుడూ రాలేదు.

బాబాయి మిగిలిన పేజీల జోలికి పోలేదు. రిటైరయ్యే రోజు జిగురు గిన్నె కడిగి బోర్లించాడు. నాకు ఏడుపొచ్చి బయటికి పోయాను. ఆయన కుర్చీలోకి ఇంకెవరినీ వేయలేదు. బీరువాకి తాళం వేశారు. తాళం వేసినా వాసన వస్తూనే ఉంది.

పోయిన నెల వాళ్లింటికి వెళ్లాను. మధ్యాహ్నం మూడు గంటలు. గోడ మీద ప్రశంసాపత్రం లేదు. దాని చోట తెల్లటి చతురస్రం మాత్రం ఉంది. ఆ పత్రం కూడా పులిసి కంపు కొడితే పిన్నే తీసి పారేసిందట. బాబాయి కిటికీ దగ్గర కళ్లు మూసుకుని కూర్చున్నాడు. పిన్ని ఎదురుగా కూర్చుని పాత ఓటర్ల జాబితాలో ఆడవాళ్ల పేర్లు ఒక్కొక్కటే పైకి చదువుతోంది. ఒక పేరు, కాస్త ఆగడం, ఇంకో పేరు. ప్రతిదానికీ ఆయన తల అడ్డంగా ఊపుతున్నాడు.

"రోజూ ఇదేనే. వింటే గుర్తొస్తుందట. ఇది ఆరో జాబితా. నా గొంతు ఆర్చుకుపోతోంది కానీ ఆయన వదిలిపెట్టడు" అంది పిన్ని నాతో.

నేను ఆమె చేతిలోంచి జాబితా తీసుకుని చదవడం మొదలుపెట్టాను. రెండో పేజీలో ఒక పేరు దగ్గర ఆయన చెయ్యి పైకెత్తాడు.

"అది ఇంకోసారి చదువు" అన్నాడు.

చదివాను. పెదవులు కదిపి తనలో తాను రెండుసార్లు అనుకున్నాడు.

"కాదు. తర్వాతది చదవమ్మా" అన్నాడు.