డాక్టరుగారి డేట్లు

అమెరికా ఆస్పత్రుల్లో శిక్షణకిచ్చే రెసిడెన్సీ సీట్ల పంపకం అయిపోయింది, నాకు ఏదీ రాలేదు. ఇక మిగిలిపోయిన సీట్లే దిక్కు. వాటికి దరఖాస్తు పెట్టి కృష్ణానగర్ గదిలో ఫోన్ ముందు కూర్చున్నాను. మనం ఫోన్ చేయకూడదు, ఆస్పత్రివాళ్లే చేయాలి. నా గదిలో ఉండే సినిమా జూనియర్ ఆర్టిస్టుకు ఈ పద్ధతి కొత్త కాదు. వాడి బతుకంతా ఇదే.

ఓ సాయంత్రం నేను స్నానానికి వెళ్లగానే ఫోన్ మోగింది. వాడు ఎత్తాడు. తలుపు అవతలి నుంచి వాడి ఇంగ్లీషు వినబడింది.

"డాక్టర్ సార్ వెరీ బిజీ. నో డేట్స్ దిస్ మంత్!"

సబ్బు నురగతోనే పరుగెత్తుకొచ్చాను. "ఏం చేశావురా?"

"జర ఆగన్నా! ఖాళీగున్నమంటే ఎవడన్నా పిలుస్తడా? ఫీల్డుల గిట్లనే చెప్పాలె."

ఫోన్ లాక్కున్నాను. అవతలి పెద్ద డాక్టరు చాలా మర్యాదగా, నాకెప్పుడు వీలవుతుందని అడిగారు.

"ఇప్పుడే సార్," అన్నాను, తువ్వాలు పట్టుకుని.

ఇంటర్వ్యూ అలాగే అయింది. సీటు వచ్చింది. నా చదువు వల్లే వచ్చిందని ఇంట్లోవాళ్లు నమ్ముతున్నారు. కృష్ణానగర్‌లో మాత్రం వాడు నా మేనేజరుగా చెలామణి అవుతున్నాడు. ఇప్పటికే ఇద్దరు డాక్టర్లు వాడిని కలిసి వెళ్లారు.