దుప్పట్ల మనిషిని పట్టుకున్న పొద్దు

ఆదివారం పొద్దున్నే ముగ్గురం సంగనకల్లు గుట్ట ఎక్కేవాళ్ళం. మేష్ట్రు నాకు కాలేజీలో రాజనీతిశాస్త్రం చెప్పినాయన. ఆయన స్నేహితుడు బళ్ళారి కోర్టులో లాయరు. మనిషి స్వేచ్ఛ దగ్గర ఇద్దరిదీ ఒకే మాట: ఎవరి నోరూ మూయించకూడదు, ఎవరి మీదా చెయ్యి పడకూడదు. మనిషి ఎట్లాంటివాడు అన్న దగ్గరికొచ్చేసరికి మాత్రం గొడవ.

"భయం తీసెయ్యప్పా, మనిషి మంచోడే," అనేవారు మేష్ట్రు.

"చట్టం తీసెయ్యండి మేష్ట్రూ, అప్పుడు చూద్దాం," అనేవాడు లాయరు.

నేను ఇద్దరికీ తలూపేవాణ్ణి.

ఆ ఎండాకాలం ఫోన్లలో ఒక కబురు మొదలైంది. పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్ళు దుప్పట్లు అమ్మే వేషంలో తిరుగుతాండారని. ఎవరి పిల్లా పోలేదు. అయినా పల్లెల్లో ఎండ దిగకముందే తలుపులు పడేవి. బస్సులోకి కొత్త ముఖం ఎక్కితే మాటలు ఆగిపోయేవి.

బళ్ళారి నుంచి మోక ఊరు దాటినాక మా అక్క ఉండే పల్లె. వాళ్ళ కొత్తింటి గృహప్రవేశానికి ముగ్గురం పోయినాం. భోంచేసి బస్సు కోసం నిలబడితే పక్క సందులోంచి కేకలు. పోయి చూస్తే, దుప్పట్ల మూట మట్టిలో పడుండాది. ఒక నడివయసు మనిషిని గోడకు అదిమి పట్టినారు. ముఖమంతా రక్తం. హిందీలో ఏదో చెప్పుకుంటా ఉన్నాడు. ఒక ఇంటి ముందు నీళ్ళడిగినాడంట, అంతే.

లాయరు పోలీసులకు ఫోన్ చేస్తూనే మేష్ట్రు చెయ్యి పట్టుకున్నాడు. "పోవద్దు. ఇప్పుడు వీళ్ళకు మీ మాట ఎక్కదు."

మేష్ట్రు విడిపించుకుని పోయి ఆ మనిషికి అడ్డంగా నిలబడినారు. కట్టె పట్టుకున్నవాళ్ళలో ఒకతను ఆయన పాత విద్యార్థి.

"ఏందప్పా, నన్ను కూడా కొడతావా?"

"మీరు పక్కకు రాండి సార్," అన్నాడతను ఎంతో మర్యాదగా. కట్టె మాత్రం దించలేదు.

ఎంతసేపో తెలీదు. మొదట గుంపులో వెనక వరస పలచబడింది, తర్వాత ముందు వరస. జీపు వచ్చి ఆ మనిషిని ఎక్కించుకుంది. బతికినాడు గానీ ఒక కన్ను పోయిందని లాయరు తర్వాత కనుక్కొని చెప్పినాడు.

ఆ ఆదివారం గుట్ట మీద ఇద్దరూ దాన్నే పట్టుకున్నారు.

"నా ముఖం చూసి ఆగినారు," అన్నారు మేష్ట్రు.

"జీపు చప్పుడు విని ఆగినారు," అన్నాడు లాయరు. "నువ్వు చెప్పప్పా, నువ్వు ఆడే ఉంటివి కదా."

ఏది ముందో నాకు నిజంగా గుర్తు లేదు. నా నోటినుంచి వేరే మాట వచ్చింది. "ఆ కబురు మా అక్కకు పంపింది నేనే మేష్ట్రూ. ఆమె ఊరి గ్రూపులో పెట్టింది."

లాయరు అటు తిరిగి నిలబడినాడు.

"నమ్మినావా?" అన్నారు మేష్ట్రు.

"నమ్మలేదు. అయినా భయమేసింది."

ఆయన లేచి దోవ పట్టినారు. మేమిద్దరం ఆయన వెనకే దిగినాం. ఆ తర్వాత గుట్టకు పోవడం తగ్గిపోయింది.

కొన్నాళ్ళకు ఆ పాత విద్యార్థి బజారులో నాకూ మేష్ట్రుకూ ఎదురుపడి, నవ్వుతా ఆయన కాళ్ళకు మొక్కబోయినాడు. మేష్ట్రు రెండడుగులు వెనక్కి వేసి, నా భుజం గట్టిగా పట్టుకున్నారు.