గుమ్మానికి అటూ ఇటూ

మొన్న ఆదివారం మధ్యాహ్నం టీవీలో నేను గుమ్మం దాటాను. కొత్త కోడలికి హారతిచ్చి, పళ్లెంతో లోపలికి నడిచే మేనత్త వేషం నాది. గుమ్మం బయట నిలబడ్డావిడకి నిండు బుగ్గలు, జబ్బలకి బిగిసిన జాకెట్టు. అదే అడుగు లోపల పడేసరికి కళ్ళ కింద గుంటలు, వదులు మెడ. పక్కన కూర్చుని వేరుసెనక్కాయలు ఒలుస్తున్న మా వియ్యపురాలు పడీపడీ నవ్వి, "గడప దాటేలోపట మీకు గాలెవరు తీసిండ్రు వదినా!" అంది. అనే హక్కు ఆవిడకుంది. పోయిన ఆ గాలిని నాలో మళ్ళీ నింపింది ఆవిడే మరి.

సినిమావాళ్ళు ఒకే గుమ్మాన్ని బయట ఒకచోట, లోపల ఒకచోట తీస్తారు. బయటి భాగం ఫిలింనగర్‌లో ఒక అద్దె బంగళా ముందు అయిపోయింది. లోపలి భాగానికి సెట్టు వేయాలి, హీరో డేట్లు దొరకాలి. ఆ ఖాళీలో నాకు జ్యూసుల పిచ్చి పట్టుకుంది. పట్టించింది హీరోయిన్ వాళ్ళమ్మ, మేకప్ వ్యానులో అందరి నడుములూ కళ్ళతోనే కొలిచే మనిషి. పొద్దున సొరకాయ రసం, మధ్యాహ్నం కీరా రసం, రాత్రికి ఏదో పొడి కలిపిన వేడినీళ్ళు. అన్నం మాటెత్తకూడదు. మోకాళ్ళ నొప్పులకి బరువు తగ్గమని డాక్టరు ఎప్పుడో చెప్పాడు. నెమ్మదిగా తగ్గమన్న ముక్క మాత్రం నా చెవికెక్కలేదు. జూబ్లీహిల్స్ మొత్తంలో వాదనలో నన్ను గెలిచినవాళ్ళు లేరు గనక మా ఆయనా నోరు మూసుకున్నారు. బరువు దిగింది. దాంతోపాటు జుట్టూ, ఓపికా, ఉన్న కాస్త మంచితనమూ దిగిపోయాయి.

సెట్టులో కాస్ట్యూమర్ నా జాకెట్టు వెనకాల పిన్నుల మీద పిన్నులు పెట్టాడు. డైరెక్టర్ మానిటర్ చూసి తల పట్టుకున్నాడు. "గుమ్మం బయట మీరు, గుమ్మం లోపల మీ చెల్లెలు గారా అమ్మా?" అన్నాడు. "లావైతే వేషం తగ్గిస్తారు, తగ్గితే ఇదొక గొడవా?" అని నేనందుకున్నాను. ఆ వాదన పూర్తికాకముందే కళ్ళు బైర్లు కమ్మి పళ్లెంతో సహా కూలబడ్డాను. కర్పూరం ఇంకా వెలిగించలేదు కాబట్టి పట్టుచీర బతికింది. డైరెక్టర్ మంచివాడే. పాట షూటింగుకి విదేశం వెళ్ళి తిరిగొచ్చేదాకా గడువిచ్చాడు. అప్పటికీ మనిషిని కాకపోతే మేనత్త ఫోటోకి దండ వేసి కథ నడిపించేస్తానన్నాడు. మా పరిశ్రమలో అమ్మలూ అత్తలూ పోయేది అలాగే. జబ్బూ గిబ్బూ ఉండదు, సీను మారేసరికి గోడెక్కేస్తారు. చాలా ఏళ్ళకి దొరికిన మంచి వేషం అది. ఇంటికొచ్చి ఏడ్చాను.

సంగతి తెలిసి షేక్‌పేట నుంచి వియ్యపురాలు దిగింది. పిల్లల పెళ్ళిలో లడ్డూల సైజు దగ్గర నాతో పోట్లాడిన మనిషి ఓదారుస్తుందని నేననుకోలేదు, ఓదార్చనూ లేదు. "ఏంది వదినా, గిట్లయిండ్రు? నా కోడలికి తల్లి కావాలె, ఫోటో వద్దు. లేవుండ్రి" అంది. ముందు డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళి రక్తపరీక్షలు చేయించింది. రోజూ నాలుగు స్వీట్లు తింటే బుగ్గలు అవే వస్తాయని నేను ఉపాయం చెబితే, "జ్యూసులూ గంతే, స్వీట్లూ గంతే. ఉబ్బుడు, సప్పబడుడు బుగ్గల పని. మీరు మనిషి" అని నా ముందు కంచం పెట్టింది. అన్నం, పప్పు, తోటకూర, గుడ్డు, పెరుగు. ఆకలనేది ఎలా ఉంటుందో మళ్ళీ తెలిసింది. డైరెక్టర్ తిరిగొచ్చేసరికి బుగ్గలు పూర్తిగా పూడలేదు గానీ, నా కాళ్ళ మీద నేను నిలబడి హారతి పళ్లెం మోశాను. దండ తప్పింది.

అసలు తగ్గడం ఆ తర్వాతే. పొద్దున్నే ఇద్దరం పార్కులో నడిచేవాళ్ళం. నడిచేవాళ్ళమనేకంటే పోట్లాడుకునేవాళ్ళమనడం నిజం. పప్పులో చింతపండు వేయాలా మామిడికాయ వేయాలా, మా గోంగూర గొప్పదా ఆవిడ పుంటికూర గొప్పదా (రెండూ ఒకటేనని ఇద్దరికీ తెలుసు, ఒప్పుకునేదెవరు?). ఆ ధాటికి ఎంత దూరం నడిచామో తెలిసేది కాదు. జొన్నరొట్టె నేర్చుకున్నాను. ముద్దపప్పు మానలేదు, నెయ్యి మాత్రం గరిటె నుంచి చెంచాకి దిగింది. రాత్రి భోజనం పెందరాళే. ఎవరింట్లోనైనా పెళ్ళైతే బిర్యానీ తిన్నాను, మర్నాడు దానికి ప్రాయశ్చిత్తంగా పస్తుండలేదు. అప్పుడే ఒక డైలీ సీరియల్లో వేషం వచ్చింది. అందులోనూ గుమ్మాలున్నాయి, అటొకనాడూ ఇటొకనాడూ తీసేవారు. నేను తగ్గుతూనే ఉన్నాను, ఏ కెమెరా పట్టుకోలేదు. చివరికి జాకెట్టు కుట్లు లోపలికి వేస్తూ కాస్ట్యూమరే అడిగాడు, "ఎప్పుడు తగ్గారమ్మా మీరు?" అని. నాకూ తెలియదు. మోకాళ్ళకి తెలిసే ఉంటుంది, మూలగకుండా మెట్లెక్కుతున్నాయి.

మొన్న సినిమా అయిపోయాక వియ్యపురాలు గుప్పెడు గింజలు నా చేతిలో పోసి, మిగతావి డబ్బాలో పోసి మూత బిగించింది. ఇంకొన్ని పెట్టమని వాదించబోయి, ఎందుకో ఉన్నవే ఒక్కొక్కటిగా నమిలాను. కెమెరాకి చిక్కకుండా నా ఒంటిని మార్చిన ఆ రోజులే, లడ్డూల దగ్గర పోట్లాడుకున్న ఇద్దరు వియ్యపురాళ్ళని అక్కచెల్లెళ్ళని కూడా చేశాయి. అది ఏ రోజున జరిగిందో, ఎంత వెనక్కి తిప్పి చూసుకున్నా ఆ గుమ్మం నాకు కనబడదు.