వెన్నలాంటి అత్తగారిని నమ్ముకున్నాను

పుస్తకం పేరు చూసి మురిసిపోయి, లోపల ఒక్క పేజీ కూడా తిప్పకుండా ఇంటికి తెచ్చి, నా కాపురానికి నేనే నిప్పు పెట్టుకోబోయిన సంగతి చెబుతాను. నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. అప్పుడు మాత్రం నాకు ఏడుపొక్కటే తక్కువ.

యాభైల చివర్లో కొత్త కోడలిగా రొంపిచెర్ల వచ్చాను. స్కూలు ఫైనలు పాసయ్యాను, గుంటూరులో టీచరు ట్రైనింగు చెయ్యాలని ఒకటే కోరిక. దరఖాస్తు ట్రంకుపెట్టెలో సిద్ధంగా ఉంది, గడువు పది రోజులే. "అమ్మ సరేనంటే నాకేం," అని మా ఆయన తప్పుకున్నాడు. మా అత్తగారు మరియమ్మ మాత్రం, "కాపురం చేసుకోకుండా ట్రైనింగేందమ్మాయ్?" అనేసింది.

ఆమెకు చదువు రాదు గానీ, వినడమంటే ప్రాణం. రోజూ నేను బైబిలు చదువుతుంటే కళ్ళు మూసుకుని వినేది. అక్కడే నా బుర్ర మహా చురుగ్గా పనిచేసింది. మా ఆయనతో నరసరావుపేట వెళ్ళినప్పుడు లైబ్రరీలో 'వెన్నలాంటి అత్తగారు' అనే నవల కనబడగానే ఎగిరి గంతేసినంత పని చేశాను. అది వింటే మనసు కరగని అత్త ఉంటుందా, మీరే చెప్పండి.

మధ్యాహ్నం అత్తగారూ, పక్కింటి సుందరమ్మ పిన్నీ వేరుశనక్కాయలు ఒలుస్తూ కూర్చున్నారు. నేను గొంతు సవరించుకున్నాను. మొదటి పేజీలోనే ఆ అత్త కోడలి ముందున్న అన్నం కంచం లాగేసింది. రెండో పేజీలో, ఉట్టి మీద వెన్న తిన్నావంటూ వాత పెట్టింది. ఆ రచయిత మహానుభావుడు పేరంతా వెటకారానికే పెట్టాడు.

"ఆగావేందమ్మాయ్?" అన్నది అత్తగారు.

"అదే... అత్తగారు కోడలికి వెన్న వేసి అన్నం కలిపి పెట్టిందంట," అని చదివేశాను.

ఇక వెనక్కి తిరిగే దారి లేదు. అచ్చులో అత్త తిట్టినప్పుడల్లా నా నోట్లో దీవించింది. నాలుగో రోజుకు కోడల్ని తనే బస్సెక్కించి ట్రైనింగుకు పంపింది. మా అత్తగారు కొంగుతో కళ్ళొత్తుకుని, "చానా మంచి మనిషి," అన్నది. ఇక దరఖాస్తు బయటికి తియ్యడమే తరువాయి అనుకున్నాను.

మర్నాడు మంచినీళ్ళు తెచ్చుకుని వచ్చేసరికి, సుందరమ్మ పిన్ని కూతురు సుగుణ ఆ పుస్తకం పట్టుకుని గడగడా చదువుతోంది. అత్త కోడలి చీర పొయ్యిలో పెట్టిన ఘట్టం.

"ఏందే, నిన్న బస్సెక్కించింది గదా, ఇయ్యాల చీర తగలబెడతదేంది?" అన్నది పిన్ని.

సుగుణ పేజీలు వెనక్కి తిప్పి చూసింది. "ఇందులో బస్సు యాడా లేదమ్మా. మొదట్నుంచీ వాతలే."

బిందె నా చంకలోంచి జారింది. అత్తగారు నావైపు చూసింది, చూస్తూనే ఉంది. ట్రైనింగు పోయిందని భయమేసింది. అంతకంటే, నన్ను నమ్మి విన్న మనిషిని మోసం చేశానని సిగ్గేసింది.

"మూసెయ్యవే సుగుణా, ఆ అత్త నాకొద్దు," అన్నది చివరికి. "మా అమ్మాయి చదివిన అత్తే బాగుంది. ఏమమ్మాయ్, ఆ దరఖాస్తేందో పోయి పోస్టులో వెయ్యి."

పరుగున లోపలికి వెళ్ళి దరఖాస్తు తెచ్చి గడప దాటబోతుంటే మళ్ళీ పిలిచింది.

"అమ్మాయ్, బైబిలు కూడా ఇట్టానే చదివావా ఏంది?"

వెనక్కి వచ్చి బైబిలు మీద చెయ్యి వేసి, "లేదత్తయ్యా, అది ఉన్నది ఉన్నట్టే చదివాను," అన్నాను. వేసిన చెయ్యి తియ్యకముందే రెండో ప్రమాణం కూడా మనసులో చేసేశాను: ఈ జన్మలో ఏ పుస్తకాన్నీ పేరు చూసి గడప లోపలికి తీసుకురాను, పేరులో అత్తగారుంటే చివరి పేజీ దాకా రెండుసార్లు చదివి గానీ తీసుకురాను.